చుక్కలా, బాణాలా? చలనాన్ని గీయడానికి ఏది మేలు

చలనం పాఠం మొదలుపెట్టేటప్పుడు పిల్లల చేత చుక్కలు పెట్టించాలా, నేరుగా సదిశల (పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశుల) బాణాలు గీయించాలా? నా ఓటు ముందు చుక్కలకే. కానీ అక్కడే ఆగిపోతే పాఠం సగంలో ఆగినట్టే.

చుక్కల పటానికి నియమం ఒక్కటే: సమాన కాలవ్యవధుల్లో వస్తువు ఎక్కడుంటే అక్కడ చుక్క. ఎడం పెరిగితే వేగం పెరిగింది, తగ్గితే తగ్గింది. ఏ సూత్రమూ రానివాళ్లు కూడా చదివేస్తారు. చేతిలోంచి వదిలిన ఇనుప గుండును ప్రతి 0.1 సెకనుకూ గుర్తిస్తే చుక్కలు 4.9, 19.6, 44.1, 78.4 సెంటీమీటర్ల లోతున పడతాయి. వాటి మధ్య ఎడాలు 4.9, 14.7, 24.5, 34.3. అంటే 1, 3, 5, 7 నిష్పత్తి. 1638లో గెలీలియో ప్రచురించిన బేసి సంఖ్యల వరస ఇదే. ప్రతి ఎడమూ ముందుదానికంటే 9.8 సెంటీమీటర్లు ఎక్కువ. దాన్ని రెండుసార్లు 0.1తో భాగిస్తే గురుత్వ త్వరణం, అంటే పడే వస్తువు వేగం మారే రేటు, వచ్చేస్తుంది. త్వరణాన్ని స్కేలుతో కొలిచిన పిల్లవాడు దాన్ని మర్చిపోడు.

చిక్కల్లా వస్తువు వెనక్కి తిరిగినప్పుడే. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతికి వెళ్లేటప్పటి చుక్కలూ వచ్చేటప్పటి చుక్కలూ ఒకే గీత మీద కలగలిసిపోతాయి. బాణాలు అక్కరకొచ్చేది ఇక్కడే. వేగ బాణం పొడవు వడిని, మొన దిశను చూపుతుంది. పక్కపక్క వేగ బాణాలు రెండు తీసుకుని, తోకలు కలిపి, మొదటిదాని మొన నుంచి రెండోదాని మొనకు గీత గీయండి. వేగంలో వచ్చిన మార్పు అదే, త్వరణం దిశా అదే. బంతి పైకి పోతున్నా, శిఖరం దాటుతున్నా, కిందికి వస్తున్నా ఆ గీత కిందికే చూస్తుంది, పొడవూ మారదు. శిఖరంలో వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నా అనే మొండి అపోహ ఎంత చెప్పినా పోదు గానీ, ఈ గీత గీయిస్తే సడలుతుంది.

వృత్తంలో ఒకే వడితో తిరిగే వస్తువు విషయంలో చుక్కలు ఏకంగా దారి తప్పిస్తాయి. ఎడాలన్నీ సమానం, కాబట్టి త్వరణం లేదనిపిస్తుంది. పైన చెప్పినట్టే పక్కపక్క వేగ బాణాల మొనల మధ్య గీత గీసి చూస్తే త్వరణం కేంద్రం వైపు కనబడుతుంది.

బాణాలు గీయించేటప్పుడు ఒక జాగ్రత్త: వేగానికీ త్వరణానికీ వేర్వేరు రంగులు వాడించండి. వాటి ప్రమాణాలు వేరు, పొడవులు పోల్చకూడదు.