ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో ఎలక్ట్రిక్ బోట్ అద్దెకి తీసుకోవచ్చా? చాలాకాలం నడిపాక నా రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తా. ఆమ్‌స్టర్‌డామ్ వచ్చి ఆ అద్దాల కప్పు ఉన్న పెద్ద టూరిస్ట్ బోట్‌లో చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చోవడం కన్నా, చిన్న ఎలక్ట్రిక్ బోట్ అద్దెకి తీసుకుని మనమే నడుపుకోవడం చాలా చాలా బావుంటుంది. కానీ అందరికీ కాదు, ఎప్పుడు పడితే అప్పుడూ కాదు. నేను ఇక్కడ ఉంటున్నప్పటి నుంచి చుట్టాలొచ్చినా ఫ్రెండ్స్ వచ్చినా ఇదే ప్రోగ్రామ్, వేర్వేరు కంపెనీల బోట్లు నడిపాను, ఎండలోనూ నడిపాను ఏప్రిల్ చలిలో వణుకుతూనూ నడిపాను, కాబట్టి వెబ్‌సైట్లలో ఉండే నవ్వు మొహాల ఫొటోల్లో కనపడని విషయాలు కొన్ని చెప్తాను.

అందరూ ఫస్ట్ అడిగేది లైసెన్స్ గురించి. అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో బోట్ పొడవు 15 మీటర్ల లోపు ఉండి, గంటకి 20 కిలోమీటర్లు దాటి వెళ్లలేనిది అయితే లైసెన్స్ అడగరు. ఈ అద్దె బోట్లు ఆ స్పీడ్‌కి దరిదాపుల్లో కూడా ఉండవు, పైగా సెంటర్ కాలువల్లో లిమిట్ గంటకి 6 కిలోమీటర్లే, అంటే గట్టున చురుగ్గా నడిచేవాళ్లు మనతో సమానంగా వచ్చేస్తారు. మొదట్లో ఇదేం స్పీడ్ రా బాబూ అనిపిస్తుంది, అరగంట అయ్యాక అంతకన్నా స్పీడ్ ఎందుకు అనిపిస్తుంది.

బోట్ ఎలా ఉంటుందంటే 6 నుంచి 8 మంది కూర్చునేలా, అల్యూమినియందో మందపాటి ప్లాస్టిక్‌దో, అడుగు దాదాపు చదునుగా ఉంటుంది, సీట్ల కింద డబ్బాల్లో బ్యాటరీలు. మోటార్ వెనకాల. కొన్నిట్లో కార్ లాగా స్టీరింగ్ ఉంటుంది, కొన్నిట్లో వెనక మోటార్‌కి పొడుగు హ్యాండిల్ మాత్రమే. ఛాయిస్ ఉంటే కొత్తవాళ్లు స్టీరింగ్ ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే హ్యాండిల్‌ని ఎడమకి తోస్తే బోట్ ముక్కు కుడికి తిరుగుతుంది, బుర్రకి అది ఎక్కడానికి కాస్త టైమ్ పడుతుంది, ఈలోగా బోట్ పాములాగా మెలికలు తిరుగుతూ వెళ్తుంది. అలవాటైన చేతికి మాత్రం హ్యాండిలే బెటర్, ఇరుకు మలుపుల్లో బోట్ ఎంత చెప్తే అంత తిరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం, బయల్దేరే ముందు ఇచ్చే ఆ పది నిమిషాల ట్రైనింగ్‌లో హడావిడిగా దాటేసేది. నీళ్లలో బ్రేక్ ఉండదు, ఆపాలంటే రివర్స్ ఇవ్వాలి, ఇది అందరూ చెప్తారు. చెప్పనిదేంటంటే, ఇలా మోటారే తిరిగే బోట్లలో బోట్‌ని తిప్పేది ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే నీళ్లే. త్రాటిల్, అంటే స్పీడ్ పెంచి తగ్గించే పిడి, మొత్తం వదిలేస్తే ఆ తోపు పోతుంది, తోపు లేకపోతే నువ్వు హ్యాండిల్ ఎటు తిప్పినా బోట్ పెద్దగా పట్టించుకోదు. కార్ నడిపే అలవాటు ఉన్నోళ్లు భయం వేయగానే కాలు తీసేసినట్టు ఇక్కడ చెయ్యి వదిలేస్తారు, సరిగ్గా బోట్ మన మాట వినాల్సిన టైమ్‌లో అది గాలి మాట వింటుంది.

మా బావ నడుపుతున్నప్పుడు అదే జరిగింది. బ్రౌవర్స్‌హ్రాహ్ట్ నుంచి ప్రిన్సెన్‌హ్రాహ్ట్‌లోకి (హ్రాహ్ట్ అంటే డచ్‌లో కాలువ) తిరిగే మూల, బ్రిడ్జ్ కింద నుంచి పెద్ద టూరిస్ట్ బోట్ ముక్కు బయటికొచ్చింది, పొడుగ్గా ఒక హారన్. బావ ఠక్కున త్రాటిల్ జీరో చేసేశాడు. "బావా వదలకు, కొంచెం ఇస్తూ ఉండు" అని నేను అరుస్తున్నా, "ఆపాను కదరా, ఇంకేం చెయ్యమంటావ్" అంటాడు. ఆపాడు గానీ బోట్ ఆగలేదు, గాలికి వెనక భాగం మెల్లగా పక్కకి జరుగుతూ పోయి అక్కడ కట్టేసి ఉన్న హౌస్‌బోట్ మీదకి వెళ్తోంది. ఆ హౌస్‌బోట్ డెక్ మీద ఒక పెద్దాయన కాఫీ తాగుతున్నాడు, కుర్చీలోంచి లేవలేదు, చేతిలో కప్పు కింద పెట్టలేదు, ఒక కాలు చాపి మా బోట్‌ని అరికాలితో అవతలికి నెట్టేశాడు. ఎన్ని వందల బోట్లని అలా తన్ని ఉంటాడో! సిటీలో దాదాపు 2,500 హౌస్‌బోట్లు ఉన్నాయి, వాళ్ల ఇల్లు అది, అద్దాల్లోంచి వాళ్ల వంటగది కనిపిస్తుంది, కాబట్టి తగలకుండా వెళ్లడం ఒకటే కాదు, వాళ్ల కిటికీ పక్కన గోల చెయ్యకుండా వెళ్లడం కూడా మన పనే. స్పీకర్లు పెట్టి పాటలు పెట్టడం ఎలాగూ ఇక్కడ నిషేధం, ఫైన్ పడుతుంది.

రూల్స్ పెద్దగా లేవు. కుడి పక్కనే వెళ్లాలి, టూరిస్ట్ బోట్లూ సరుకు బోట్లూ వస్తే మనమే తప్పుకోవాలి, ఎర్ర బోర్డ్ మీద తెల్ల అడ్డగీత కనిపిస్తే అటు ఎంట్రీ లేదు, బ్రిడ్జ్ కింద ఆగకూడదు. సెంట్రల్ స్టేషన్ వెనకాల ఉన్న 'ఐ' అనే పెద్ద నీళ్లలోకి అద్దె బోట్లు వెళ్లనివ్వరు, అక్కడ ఫెర్రీలూ కార్గో షిప్పులూ తిరుగుతుంటాయి, మన బోట్ వాటి అలలకే తిరగబడేలా ఊగుతుంది. మందు సంగతి, నడిపేవాళ్లకి కార్‌కి ఉన్నట్టే 0.5 ప్రొమిల్ లిమిట్ ఉంది, అంటే రక్తంలో వెయ్యి వంతులకి అర వంతు ఆల్కహాల్. గ్రూప్‌లో ఒకళ్లు తాగకుండా ఉండాలని ముందే అనుకుని ఎక్కండి, ఎక్కాక ఆ పంచాయితీ తెగదు.

బ్యాటరీ గురించి చాలామందికి భయం, మధ్యలో ఆగిపోతే ఎలా అని. నాకు పూర్తిగా ఆగిపోవడం ఎప్పుడూ జరగలేదు. 6 కిలోమీటర్ల స్పీడ్‌లో మోటార్ చాలా తక్కువ కరెంట్ లాగుతుంది, రోజంతా తిరిగినా సరిపోయేలానే బ్యాటరీ పెడతారు. కానీ నీళ్లలో స్పీడ్ కొంచెం పెంచినా కరెంట్ ఖర్చు దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది, అందుకే ఫుల్ త్రాటిల్ పెట్టుకుని తిరిగే గ్రూప్‌ల బ్యాటరీ గీతలు సాయంత్రానికి పడిపోతాయి, వాళ్ల తర్వాత అదే బోట్ మనకి వచ్చిందంటే మనం ఇబ్బంది పడతాం. పాత బోట్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉంటాయి, వాటితో ఇంకో తంటా ఏంటంటే మీటర్ చాలాసేపు బాగానే చూపించి చివర్లో గబగబా దిగిపోతుంది, చలిలో అయితే ఇంకా తొందరగా. లిథియం ఉన్న బోట్లు నయం, టార్కీడో మోటార్లు కొన్నిట్లో ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్లగలమో డిస్‌ప్లేలోనే వస్తుంది, అది చూసుకుంటూ నడిపితే టెన్షన్ ఉండదు. ఎక్కేముందు మీటర్ చూసి, సాయంత్రం స్లాట్ అయితే "ఫుల్ ఛార్జ్ ఉన్నదే ఇవ్వండి" అని మొహమాటపడకుండా అడగండి.

బ్యాటరీ కన్నా ఎక్కువ ఏడిపించింది చెత్త. ప్లాస్టిక్ కవరో తాడు ముక్కో ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే మోటార్ సౌండ్ మారిపోతుంది, సన్నగా జుయ్యిమనేది కాస్తా బరువుగా మూలుగుతుంది, బోట్ సన్నగా వణుకుతుంది, స్పీడ్ రాదు. అప్పుడు త్రాటిల్ ఇంకా ఇవ్వకండి. న్యూట్రల్ చేసి ఒక్కసారి రివర్స్ ఇస్తే చాలావరకు విడిపోతుంది, లేకపోతే పక్కకి లాగి తాళమో మాగ్నెట్ కీనో (తీయగానే మోటార్ ఆగిపోయే అయస్కాంతం తాళం) తీసేసి అప్పుడు మాత్రమే చెయ్యి పెట్టండి. అన్నట్టు ఈ కాలువల్లోంచి ఏటా 12 వేల నుంచి 15 వేల సైకిళ్లు బయటికి తీస్తారట, లోతేమో 2, 3 మీటర్లే, ఒక మీటర్ బురద ఒక మీటర్ సైకిళ్లు ఒక మీటర్ నీళ్లు అని ఊళ్లో జోక్.

ఇక చూడ్డానికి ఏముంది అంటే, నా మటుకు నాకు ఆ సైలెన్సే సగం డబ్బులకి సరిపోయింది. 2025 నుంచి సెంటర్‌లో విహార బోట్లు పొగ లేకుండా నడవాలని రూల్ తెచ్చి దశలవారీగా అమలు చేస్తున్నారు, డీజిల్ కంపు బాగా తగ్గింది. పొద్దున్నే హేరెన్‌హ్రాహ్ట్‌లో వెళ్తే నీళ్లు బోట్‌కి తగిలే చప్పుడు, బ్రిడ్జ్ మీద సైకిల్ వెళ్తే ఆ పలకల చప్పుడు, అంతే. ఈ కాలువల వలయం తవ్వడం 1613లో మొదలుపెట్టారు, 2010లో యునెస్కో లిస్ట్‌లోకి ఎక్కింది, అది పుస్తకాల సంగతి. కింద నుంచి తలెత్తి చూస్తే కనపడేది వేరు, ప్రతి ఇంటి పైన ఒక దూలం, దానికి కొక్కెం, ఇల్లేమో కొంచెం ముందుకి వాలి ఉంటుంది, సరుకులు తాడుతో పైకి లాగేటప్పుడు గోడకి కొట్టుకోకుండా అలా కట్టారు. ఇప్పటికీ సోఫాలు మెట్ల మీద పట్టవు కాబట్టి అలాగే లాగుతారు. గట్టు మీద నడిచేటప్పుడు ఇవి కనపడవు, సైకిళ్లు గుద్దకుండా చూసుకోవడానికే సరిపోతుంది.

అందరూ వెళ్లే రెగులియర్స్‌హ్రాహ్ట్‌లో ఏడు బ్రిడ్జిలు ఒకే వరుసలో కనిపించే స్పాట్ బావుంటుంది, కాదనను, కానీ మధ్యాహ్నం అక్కడ టూరిస్ట్ బోట్లన్నీ ఫొటోల కోసం ఆగి జామ్ అయిపోతుంది. మీరు తూర్పు వైపు రండి, ఆమ్‌స్టెల్ నది దాటాక న్యూవె హేరెన్‌హ్రాహ్ట్, అక్కడి నుంచి ఎంత్రెపొట్‌డాక్, పాత గోడౌన్లన్నీ ఇళ్లుగా మార్చారు, ఎదుటి పక్క జూ, కాలువలోంచే జీబ్రాలు కనిపిస్తాయి, పిల్లలకి ఇక మనం ఏం చూపించక్కర్లేదు. ఆమ్‌స్టెల్ దాటేటప్పుడు మాత్రం జాగ్రత్త, నది వెడల్పు, గాలికి అడ్డు ఉండదు, అడుగు చదునైన తేలిక బోట్ కాబట్టి పక్కకి కొట్టుకుపోతుంది, ముక్కుని కొంచెం గాలి వైపే పెట్టి నడపాలి. గాలి గట్టిగా ఉన్న రోజు నేనైతే ఆమ్‌స్టెల్ జోలికే పోను.

ఇంకోటి, గూగుల్ మ్యాప్ చూసి రూట్ వేసుకోకండి. 2020లో హ్రింబుర్గ్‌వాల్ దగ్గర గట్టు గోడ కాలువలోకి కూలిపోయింది, ఆ తర్వాత సిటీ అంతా పాత గోడల రిపేర్లు, ఎక్కడ చూసినా ఇనుప పలకలు, పనివాళ్ల పంటులు, కొన్ని కాలువలు నెలల తరబడి మూసేస్తారు. కంపెనీ వాళ్లిచ్చే కాగితం మ్యాప్ మీద ఈరోజు మూసి ఉన్నవి పెన్‌తో గీయమనండి. ఇరుకు కాలువలో సగం దూరం వెళ్లాక వెనక్కి తిప్పడం అంటే, ముందు ఒక బోట్ వెనక ఒక బోట్, తలప్రాణం తోకకొస్తుంది.

డబ్బుల దగ్గరికొస్తే, నేను ఇచ్చినవి చూస్తే 2 గంటలకి బోట్ మొత్తానికి దాదాపు 90 నుంచి 140 యూరోలు, సీజన్‌ని బట్టి. ఆరుగురు పంచుకుంటే టూరిస్ట్ బోట్ టికెట్‌తో దాదాపు సమానం, ఇద్దరే అయితే దండగ. 2 గంటలు తీసుకోవద్దు, 3 తీసుకోండి, అలవాటు పడ్డానికి ఒక అరగంట, లేట్ అవుతుందేమోనన్న కంగారుతో చివరి అరగంట పోతాయి.

నాకు మంట పుట్టించింది డిపాజిట్. ఒక చోట తిరిగొచ్చాక అంచు మీద గీత చూపించి డబ్బులు కోసుకున్నారు, ఆ బోట్‌కి ఒళ్లంతా గీతలే, ఏది మాదో ఏది నిన్నటోళ్లదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మెయిల్స్ మీద మెయిల్స్ పెట్టా, రాలేదు. అప్పటి నుంచి ఎక్కేముందు బోట్ చుట్టూ వీడియో తీస్తాను, అంచులు, మోటార్ రెక్కలు, దెబ్బ తగలకుండా పక్కన వేలాడే ఫెండర్లు ఎన్ని ఉన్నాయో కూడా. అలా వీడియో తీస్తుంటే పట్టించుకోని కంపెనీలే మంచి కంపెనీలు, మొహం మాడ్చుకున్న దగ్గర రెండోసారి తీసుకోలేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే మాత్రం ఆలోచించండి. గట్టు నుంచి బోట్‌లోకి దిగడం కష్టం, బోట్ ఊగుతుంది, పట్టుకోడానికి ఏమీ ఉండదు, అన్నిటికన్నా ముఖ్యంగా టాయిలెట్ ఉండదు. మా అత్తయ్య గారు గంట దాటగానే "బాబూ, ఇంకెంతసేపు" అని మొదలుపెట్టారు, ఎందుకో అర్థమయ్యేసరికి దగ్గర్లో బోట్ కట్టుకునే చోటు ఉన్న కేఫ్ వెతకడం ఒక యజ్ఞం అయింది. అలాంటప్పుడు నడిపే మనిషి కూడా ఉండే చిన్న ఓపెన్ బోట్ తీసుకోవడం మంచిది, మీరూ హాయిగా చూడొచ్చు, ఎక్కడ ఆపాలో వాళ్లకి తెలుసు. పిల్లలకి లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి, చాలాచోట్ల అడిగితేనే ఇస్తారు.

ఏప్రిల్ 27 కింగ్స్ డే (రాజుగారి పుట్టినరోజు పండగ), ఆగస్ట్‌లో ప్రైడ్ పరేడ్ (LGBT వాళ్లు కాలువల్లో బోట్ల మీద చేసే ఊరేగింపు) రోజు అసలు వద్దు, కాలువ మీద ఒక బోట్ నుంచి ఇంకో బోట్‌లోకి నడిచి పోవచ్చు అంత రద్దీ. మిగతా రోజుల్లో పొద్దున 10 గంటల స్లాట్, వారం మధ్యలో, అదే బెస్ట్. వాన పడితే డబ్బులు వెనక్కిస్తారా లేదా బుక్ చేసేముందు చదువుకోండి, చాలామంది డేట్ మారుస్తారు గానీ డబ్బివ్వరు. గొడుగులు తెచ్చుకోవద్దు, రెయిన్‌కోటే, బ్రిడ్జిలు చాలా కిందకి ఉంటాయి, తెరిచిన గొడుగుతో కూర్చున్నోళ్లకి ప్రతి బ్రిడ్జ్ దగ్గరా అది మూసి తెరవడమే పని.