పిల్లలతో ఒక్కరే విదేశం వెళ్తుంటే ఏ కాగితం మేలు: మామూలు లెటరా, నోటరీనా, అపోస్టిలా?

వేసవి సెలవులకి అమ్మ పిల్లాణ్ణి తీసుకుని న్యూజెర్సీలో ఉన్న అక్కగారింటికి వెళ్తోంది, నాన్నకి లీవు దొరకలేదు. నాన్న ఒప్పుకున్నట్టు కాగితం ఏమైనా కావాలా అన్న ప్రశ్న చాలామందికి టికెట్లు బుక్ చేశాకే వస్తుంది, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి నోటరీ చేయించిన అఫిడవిట్ చాలు, అదీ ఆ ఒక్క ప్రయాణానికే రాయించినది. అపోస్టిల్, అంటే మన కాగితం వేరే దేశంలో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే ముద్ర, అవతలి దేశంవాళ్లు అడిగితేనే. ఉత్త తెల్లకాగితం మీద సంతకం నమ్ముకుని మాత్రం బయల్దేరకండి.

తెల్లకాగితం చాలనే నమ్మకం ఎక్కడ నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. పిల్లల పాస్‌పోర్టుకి అప్లై చేసేటప్పుడు ఇద్దరూ సంతకాలు చేసి అనెక్జర్ డి అనే డిక్లరేషన్ ఫారం ఇస్తారు కదా, 2016 డిసెంబరులో వచ్చిన మార్పుల తర్వాత దానికి నోటరీ అక్కర్లేదు, తెల్లకాగితం మీద సొంత డిక్లరేషన్ సరిపోతుంది. కానీ అది పాస్‌పోర్టు ఇవ్వడానికి ఒప్పుకోలు, ప్రయాణానికి కాదు. రెండూ ఒకటే అనుకుని ఆ జిరాక్సునే ఫైల్లో పెట్టుకునేవాళ్లున్నారు.

మామూలు లెటర్‌కి ఖర్చు లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది. కాకపోతే ఆ సంతకం నాన్నదేనని అవతలి ఆఫీసరు ఎలా నమ్మాలి? అమెరికా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్లు ఈ లెటర్ తప్పనిసరి అనరు గానీ, ఇంగ్లిష్‌లో రాసి, వీలైతే నోటరీ చేయించి దగ్గర పెట్టుకోమని గట్టిగానే చెబుతారు. కెనడా వాళ్లయితే రాని పేరెంట్ సంతకంతో పాటు అడ్రసు, ఫోన్ నంబరు, వాళ్ల పాస్‌పోర్టు కాపీ, బిడ్డ బర్త్ సర్టిఫికెట్ వెంట ఉంచుకోమంటారు. చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఫైల్లో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లెటర్) ఏ రూపంలో ఉండాలో మీరు అప్లై చేసే కాన్సులేట్ చెక్‌లిస్టులో చూసుకోండి, పక్కింటివాళ్లు ఇంకో దేశానికి ఇచ్చిన నమూనా కాపీ కొట్టొద్దు.

నోటరీకి పెద్ద శ్రమ లేదు. స్టాంపు పేపరు మీద టైపు చేయించి, రాని పేరెంట్ ఐడీతో నోటరీ ముందుకి స్వయంగా వెళ్లి సంతకం పెట్టాలి, నోటరీ దగ్గరుండే రిజిస్టర్లో కూడా సంతకం చేయాలి. మనిషి రాకపోయినా ముద్ర వేసి ఇస్తామనేవాళ్లు దొరుకుతారు, దయచేసి ఆ దారి పట్టొద్దు. ఇంటికొచ్చే ముందు ప్రతి పేజీ మీద సీలు, తేదీ, రిజిస్టరు నంబరు పడ్డాయో లేదో చూసుకోండి.

అసలు సీలు కన్నా లోపల రాసిందే ముఖ్యం అంటాను నేను. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో పేర్ల సంగతి తెలిసిందే: అమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, బిడ్డకి నాన్న ఇంటిపేరు, ఒక్కోసారి అదీ ఇనిషియల్‌గానే. ఇమ్మిగ్రేషన్ ఆఫీసరుకి ఈ ఇద్దరికీ సంబంధం ఏమిటో కాగితమే చెప్పాలి. అందుకే అఫిడవిట్‌లో ముగ్గురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయించండి, పాస్‌పోర్టు నంబర్లతో సహా. దానికి తోడు ఇద్దరి పేర్లూ ఉన్న బర్త్ సర్టిఫికెట్ పెట్టండి. పుట్టగానే తీసుకున్న సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది చాలా ఇళ్లల్లో, అలా ఉంటే ముందే మున్సిపాలిటీకో పంచాయతీకో వెళ్లి పేరు ఎక్కించుకోండి, చివరి వారంలో కుదిరే పని కాదు. నాన్న ఫోన్ నంబరు ప్లస్ 91తో రాయాలి, ఆ రోజు ఫోన్ ఆన్‌లో ఉండాలి. అవసరమైతే వైద్యం చేయించడానికి కూడా ఒప్పుకుంటున్నానని ఒక వాక్యం కలిపితే మంచిది.

నాన్నే డల్లాస్‌లో ఉండి, అమ్మ ఇక్కడి నుంచి బయల్దేరుతుంటే, ఆయన అక్కడి నోటరీ దగ్గర సంతకం పెట్టి ఒరిజినల్ కొరియర్‌లో పంపడం తేలిక.

అపోస్టిల్ బరువైన మాటలా వినిపిస్తుంది కాబట్టి అదే మంచిదనుకుంటారు. ఒకరి కాగితాలకి ఒకరు ఈ ముద్రని ఒప్పుకునే దేశాల ఒప్పందం ఒకటుంది, మన దేశం అందులోకి వచ్చింది 2005లో. విదేశాంగ శాఖ ఇచ్చే ఆ ముద్ర చెప్పేది కింద ఉన్న సంతకం, సీలు నిజమైనవేనని మాత్రమే, లోపలి మాటలు నిజమని కాదు. దానికి ముందు రాష్ట్ర స్థాయిలో అటెస్టేషన్ కూడా కావాలి, అంటే మళ్లీ రోజులు, ఏజెంటు డబ్బులు. అక్కడ స్కూల్లో చేర్చడం, నివాస వీసా లాంటి వాటికి అడిగితే తప్పదు. యుఏఈ లాగా ఆ ఒప్పందంలో లేని దేశమైతే అపోస్టిల్ పనికే రాదు, ఎంబసీ అటెస్టేషన్ చేయించాలి. రెండు వారాల సెలవుకి ఇదంతా వద్దు.

ఇంకో పోలిక కూడా ఉంది, దీని గురించే ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. కొందరు ప్రతిసారీ ఎందుకని, పద్దెనిమిదేళ్లు వచ్చేవరకు ఎక్కడికైనా వెళ్లొచ్చు అని ఒకే లెటర్ రాయించుకుంటారు. వద్దు. వెళ్లే తేదీ, వచ్చే తేదీ, దేశం, దిగే అడ్రసు ఉన్న కాగితమే ఇద్దరికీ రక్ష. అమెరికాలో ఉంటూ పిల్లల్ని ఇండియాకి తెచ్చే తల్లులు ఇది మరీ గుర్తుంచుకోవాలి. రేపు భార్యాభర్తల మధ్య తేడాలొస్తే, చెప్పకుండా తీసుకుపోయిందన్న ఆరోపణ దాకా పోతుంది విషయం, అక్కడ 1993 నుంచి దానికి ఫెడరల్ నేర చట్టం ఉంది. ఇలా తీసుకుపోయిన పిల్లల్ని తిరిగి పంపించాలనే 1980 హేగ్ ఒప్పందంలో ఇండియా చేరలేదు కాబట్టి అవతలి కోర్టులు ఇలాంటి ప్రయాణాల్ని ఇంకాస్త అనుమానంగానే చూస్తాయి. ఆయన ఒప్పుకునే పంపాడనడానికి తేదీలున్న కాగితం సాక్ష్యం. బిడ్డ తిరిగి రావాలన్న ఆయన హక్కుకీ అదే సాక్ష్యం.

రెండో పేరెంట్ చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్ చాలు. విడాకులైతే కస్టడీ ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకెళ్లండి, కానీ ముందు అందులో విదేశం తీసుకెళ్లడానికి కోర్టు అనుమతి కావాలన్న షరతు ఉందేమో లాయరుతో చదివించండి. మనిషి ఉండీ సంతకం పెట్టనంటే ఏ నోటరీ, ఏ అపోస్టిల్ ఆ లోటు తీర్చదు. అప్పుడు ఫ్యామిలీ కోర్టులో అనుమతి అడగాలి, అది టికెట్లు కొనకముందే.