ముప్పై వేల కిలోమీటర్లు దాటిన 350 సీసీ బండి: బెంగళూరు రోడ్ల మీద వాడి చెబుతున్న మాట

ముందే చెప్పేస్తాను, బండి మంచిదే. షోరూమ్‌లో పికప్ గురించి, సౌండ్ గురించి అరగంట చెప్పారు. చైన్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇన్నాళ్ల వాడకంలో నన్ను కంగారు పెట్టింది, నా చేత డబ్బు ఖర్చు పెట్టించింది ఆ చైనూ, టైర్లూ, బ్రేకులే. అందుకే ఇక్కడ ఇంజిన్ ముచ్చట తక్కువ, మిగతాది ఎక్కువ.

నాది సింగిల్ సిలిండర్, ఎయిర్ కూల్డ్ ఇంజిన్. ఫ్యూయల్ ఇంజెక్షన్, రెండు చక్రాలకీ డిస్కులు, డ్యూయల్ చానల్ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా రెండు చక్రాల్లో ఏదీ బిగుసుకుపోకుండా చూసేది), ట్యూబ్‌లెస్ టైర్లు. బరువు 180 కిలోల పైచిలుకు. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాయగానే మనవాళ్లు ఫ్యాన్స్, యాంటీ ఫ్యాన్స్‌గా విడిపోతారు, అసలు విషయం గాలికి పోతుంది. ఉండేది మారతహళ్లి, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీ. అంటే రోజూ ఔటర్ రింగ్ రోడ్డు, సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్. పండక్కో పెళ్లికో కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరు. సిటీలో లీటరుకు ముప్పై రెండు, ముప్పై మూడు ఇస్తోంది, ఊరి దారిలో ఇంకొంచెం ఎక్కువ. మైలేజీ గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

కొత్తలో అందరి భయమూ ఇంజిన్ మీదే ఉంటుంది. మొదటి సర్వీసు దాకా, నా బండికైతే 500 కిలోమీటర్ల దాకా, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పకూడదు, ఒకే స్పీడులో గంటలకొద్దీ పోకూడదు, పెద్ద గేరులో పెట్టి ఈడ్చకూడదు. మారతహళ్లిలో ఉండేవాడికి ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు, ట్రాఫిక్కే చేయిస్తుంది. కొత్త భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని సర్దుకునేటప్పుడు సన్నటి లోహపు రజను ఆయిల్లో కలుస్తుంది. మొదటి సర్వీసులో ఆయిల్, ఫిల్టర్ మార్చేది అందుకే. కిలోమీటర్లు కాలేదు కదా అని నెలల తరబడి వాయిదా వేసేవాళ్లని చూశాను. బండితో ఇచ్చే పుస్తకంలో కిలోమీటర్లతో పాటు గడువు కూడా రాసి ఉంటుంది, ఏది ముందొస్తే అది.

నన్నడిగితే మొదటి వారంలో ఇంజిన్ కన్నా టైర్లతోనే జాగ్రత్త. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. వంద, నూటయాభై కిలోమీటర్లు తిరిగి ఆ నునుపు పోతేగానీ రోడ్డుని సరిగ్గా పట్టుకోదు. బ్రేకు ప్యాడ్లూ అంతే, డిస్కుకు ఒరుసుకుని కుదురుకునే దాకా గట్టిగా పట్టవు. మనం మాత్రం పూజ చేయించి, నిమ్మకాయల మీద ఎక్కించి, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని నేరుగా ఫ్లైఓవర్ ఎక్కేస్తాం. మలుపుల్లో బండిని ఎక్కువ వంచకుండా, ముందు బండికి దూరం ఉంచి నాలుగు రోజులు తిరిగితే చాలు. డెలివరీ రోజే టైరు పక్కన నాలుగంకెలు కూడా చూసుకోండి. 3522 అని ఉంటే 2022లో 35వ వారం తయారైందని లెక్క. కొత్త బండికి ఏడాది దాటిన టైర్లుంటే అక్కడే అడగాలి, ఇంటికొచ్చాక అడిగితే ఎవరూ వినరు.

ఇక చైన్. ఈ బండి వాడకంలో సగం పని ఇదే. లింకుల మధ్య చిన్న చిన్న రబ్బరు రింగులుండి, లోపలి గ్రీజుని బయటికి పోనివ్వవు. వాటిని పెట్రోలుతో కడిగితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కిరోసిన్ గానీ, చైన్ క్లీనర్ అని అమ్మే స్ప్రే గానీ వాడాలి. వైర్ బ్రష్ వద్దు, పాత టూత్ బ్రష్ చాలు. నేను ఆదివారం కాస్త దూరం తిరిగొచ్చి, చైన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే సెంటర్ స్టాండ్ వేస్తాను. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నల్లటి జిడ్డంతా తుడిచి, ఆరాక లూబ్రికెంట్‌ని చైన్ లోపలి వైపు, కింది వరసలో కొడతాను. చక్రం తిరిగేటప్పుడు అది బయటికి చిమ్ముకుంటూ మొత్తం పాకుతుంది. పైపైన కొడితే సగం మీ ప్యాంటుకే అంటుతుంది. తర్వాత రాత్రంతా అలా వదిలేయడమే. మామూలుగా ఐదారు వందల కిలోమీటర్లకోసారి, వానాకాలంలో తడిసిన వారమల్లా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఇంజిన్ ఆన్ చేసి, గేరులో పెట్టి, తిరుగుతున్న చైన్‌ని గుడ్డతో తుడవకండి. వీడియోల్లో దర్జాగా చేసి చూపిస్తుంటారు. గుడ్డ చైనుకీ స్ప్రాకెట్‌కీ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మధ్య ఇరుక్కుందంటే దాంతో పాటే వేళ్లూ పోతాయి. చక్రం చేత్తో తిప్పితే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

బిగువు సంగతి సర్వీసు సెంటర్లో కూడా సరిగ్గా పట్టించుకోరు. ఒకసారి సర్వీసు నుంచి తెచ్చిన మర్నాడు మా ఆవిడని ఎక్కించుకుని వెళ్తుంటే కింద నుంచి సన్నగా ఊళ పెడుతున్నట్టు శబ్దం. ఒక్కడినే వెళ్తే లేదు, ఇద్దరం ఎక్కితే వస్తోంది. మున్నేకొళాలలో ఒక మదనపల్లె మెకానిక్ ఉన్నాడు, ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. స్టాండ్ వేసి, కింది వరసని వేలితో పైకి కిందికి ఆడించాడు. కదిలితేగా! "బిగువుగా ఉంటే బాగుందనుకుంటారు సార్. మనిషెక్కినాక చూడాల" అన్నాడు. బరువు పడితే వెనక చక్రం పైకి జరుగుతుంది, చైన్ ఇంకా లాగుకుంటుంది, ఆ ఒత్తిడంతా బేరింగుల మీదా గేర్‌బాక్స్ షాఫ్ట్ మీదా పడుతుంది. ముదిరితే చైన్ తెగి చక్రాన్నే పట్టేయొచ్చు. సుమారు అంగుళం ఆట ఉండాలి, మీ బండికి సరిగ్గా ఎంతో పుస్తకంలో ఉంటుంది. చైన్ అన్నిచోట్లా ఒకేలా అరగదు కాబట్టి చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. వెనక చక్రం ఇరుసుకి (యాక్సిల్) రెండు పక్కలా ఉన్న గీతలు ఒకే అంకె మీద ఉన్నాయా అన్నదీ చూడాలి. లేకపోతే చక్రం పక్కకి తిరిగి ఉన్నట్టే. అప్పటి నుంచి సర్వీసు అయ్యాక బిల్లు కట్టే ముందు ఈ రెండూ నేనే చూసుకుంటున్నాను. బిల్లులో "ఇంజిన్ ఫ్లష్", "కోటింగ్" లాంటివి కనిపిస్తే కొట్టేయించండి. పుస్తకంలో లేనిది బండికి అక్కర్లేదు.

బ్రేకుల దగ్గరికొస్తే, నాన్న ఇప్పటికీ "ముందు బ్రేకు ముట్టుకోకురా, పల్టీ కొడతావు" అంటాడు. ఆయన నడిపిన కాలంలో డ్రమ్ములు, ఇసుక రోడ్లు, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, ఆపే బలమూ ఎక్కువగా అక్కడే ఉంటుంది. బండి నిటారుగా ఉండగా రెండూ కలిపి వేసి, ముందుది క్రమంగా బిగించాలి. దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. దానికి భయపడాల్సిందేం లేదు గానీ, అది ఉంది కదా అని ధీమా కూడా పనికిరాదు. ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకుపోనివ్వదు, హ్యాండిల్ మన మాట వినేలా ఉంచుతుంది. కంకర మీద, ఇసుక మీద ఆగే దూరం పెరిగినా పెరగొచ్చు. అది పనిచేసేటప్పుడు లీవరూ పెడలూ దడదడలాడతాయి. మొదటిసారి చాలామంది బెదిరి బ్రేకు వదిలేస్తారు. వదలకూడదు.

తాళం తిప్పగానే మీటర్లో ఏబీఎస్ లైటు వెలగాలి, బండి కదిలిన కాసేపటికి ఆరిపోవాలి. ఆరలేదంటే బ్రేకులు పనిచేస్తాయి, ఏబీఎస్ పనిచేయదు. వాటర్ వాష్ చేయించిన రోజు ఈ లైటుని ప్రత్యేకంగా చూస్తాను. ప్రెషర్ నీళ్లు చక్రం దగ్గరి సెన్సర్ల మీదా, సైడ్ స్టాండ్ స్విచ్ మీదా నేరుగా కొడుతుంటారు. ఆ స్విచ్‌లో బురద చేరితే స్టాండ్ తీసినా బండికి తెలియదు, గేరు వేయగానే ఆగిపోతుంది. నాకలా సిగ్నల్ దగ్గర ఆగింది, వెనక హారన్లతో ఒకటే టెన్షన్. ఇప్పుడు ఇంట్లోనే బకెట్, మగ్గు. అన్నట్టు, బండి స్టార్ట్ అవకపోతే మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఇంజిన్‌ని ఆపే ఎర్ర కిల్ స్విచ్ ఒకసారి చూడండి. ఆఫీసు పార్కింగ్‌లో దాన్ని నొక్కేసి పోవడం ఫ్రెండ్స్‌కి సరదా.

బెంగళూరు రోడ్ల మీద జారుడు మూడు రకాలు. మార్చి, ఏప్రిల్‌లో నిద్రగన్నేరు కాయలు రాలి, బళ్ల కింద నలిగి, బంకలా అంటుకుంటాయి. మొదటి వాన పడిందంటే దుమ్మూ, ఆయిలూ, ఆ బంకా కలిసి సబ్బు నురగే. వాన మొదలైన తొలి అరగంట నేనైతే ఏ షాపు చూరు కిందో ఆగిపోతాను. రెండోది మెట్రో పనుల దగ్గర పరిచే ఇనుప రేకులు, వాటి మీద బ్రేకూ వేయొద్దు, మలుపూ తిప్పొద్దు. మూడోది, వైట్ టాపింగ్ చేసిన కాంక్రీటు రోడ్డుకీ పక్కనున్న తారుకీ మధ్య మెట్టు. దాని మీదికి ఏటవాలుగా ఎక్కితే ముందు చక్రం అంచు వెంబడే పాకి బండిని పడేస్తుంది. వీలైనంత నిలువుగా ఎక్కాలి, లేదంటే అసలు దాటకూడదు.

టైర్లలో గాలి వారానికోసారి, పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూస్తాను. బంకుల్లో మీటర్లు ఒక్కోటి ఒక్కో లెక్క చెబుతాయి కాబట్టి చిన్న గేజ్ ఒకటి కొనుక్కున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద పంక్చర్ల కోసం చల్లే మేకుల కథ ఈ ఊళ్లో అందరికీ తెలిసిందే. ఒకాయన అయస్కాంతం పట్టుకుని ఆ రోడ్డు మీద కిలోలకొద్దీ మేకులు ఏరాడని పేపర్లలో కూడా వచ్చింది. పంక్చర్ వేయించేటప్పుడు పక్కనే నిలబడి ఆ మనిషి చేతుల వైపే చూడండి. నీళ్లు పోసి బుడగలు వెతుకుతున్నట్టే ఉంటుంది, పదునైన పనిముట్టుతో ఇంకో మూడు చిల్లులు పడతాయి. మా కొలీగ్‌కి ఒక్క మేకుకి ఐదు పంక్చర్ల బిల్లు వేశారు. మనమే పంక్చర్ వేసుకునే ట్యూబ్‌లెస్ కిట్ సీటు కింద పడి ఉంటే ఈ బాధ లేదు.

ఊరికి వెళ్లే దారిలో పలమనేరు దాటాక మొగిలి ఘాట్ ఉంది. లోడు లారీలు, మలుపులు. దిగేటప్పుడు ఎక్కడానికి ఏ గేరు వేస్తామో అదే వేసి ఇంజిన్‌తోనే పట్టి దించుతాను. క్లచ్ నొక్కి, పెట్రోలు మిగులుతుందని బండిని దొర్లించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అడుగుకి వచ్చేసరికి వేడెక్కిన బ్రేకులు పట్టు తప్పితే అప్పుడు చేసేదేం ఉండదు. ఈ బండికి అసలైన ప్లస్ ఇక్కడే కనిపించింది, మూడో గేరులో చక్కగా నిలబడి దిగుతుంది. సిటీలో మైనస్‌లూ ఉన్నాయి. సిల్క్ బోర్డు దగ్గర ఎండలో నిలబడితే కుడి కాలు కాలుతుంది. హాఫ్ క్లచ్ మీద పాకించి పాకించి ఎడమ మణికట్టు పీకుతుంది. వెనక సస్పెన్షన్ గట్టి, నడుం నొప్పి ఉన్నవాళ్లు టెస్ట్ రైడ్‌ని కచ్చితంగా గుంతల రోడ్డు మీదే చేయండి.

వెనక కూర్చునేవారికీ హెల్మెట్ కర్ణాటకలో 2016 నుంచి తప్పనిసరి. నాలుగేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలి, స్పీడు 40 దాటకూడదు, ఇది 2023 నుంచి అమల్లో ఉంది. చీర గార్డు అందంగా లేదని షోరూమ్‌లోనే పీకించేస్తారు కుర్రాళ్లు. వెనక ఎవరి చున్నీ అయినా చక్రంలో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నాది అలాగే ఉంది, చూడ్డానికి బాలేదు, ఉండనీ.

కాగితాల్లో ఒక్కటే చిక్కు. కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి) ఐదేళ్లకి ఇస్తారు, 2018 నుంచి అదే పద్ధతి. కానీ మన బండికి జరిగే నష్టానికి ఇచ్చే భాగం చాలా పాలసీల్లో ఏడాదే. ఐదేళ్లు ఉంది కదా అని జనం మర్చిపోతారు. అది అయిపోయి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. ఏడాది దాటాక ఎమిషన్ టెస్ట్ కూడా చేయించుకోవాలి, బంకుల దగ్గర ఐదు నిమిషాల పని.

చైన్ స్ప్రాకెట్ కిట్ ఒకసారి మార్చాను, ముందు బ్రేకు ప్యాడ్లు ఒకసారి. ఇప్పుడు వెనక టైరు గాడుల్లో అరుగుదల చూపే దిమ్మెలు రబ్బరుతో సమానంగా వచ్చేశాయి, అంటే టైరు మార్చాల్సిందే. షాపువాడు ఇంకో సైజు వెడల్పుది వేసుకోండి, లుక్ వస్తుంది అంటున్నాడు. రిమ్ముకి సరిపడని టైరు వేస్తే మలుపుల్లో బండి బరువెక్కుతుంది, చైన్‌కీ తగలొచ్చు. బెంగళూరు జేసీ రోడ్డు షాపుల్లో కంపెనీ సైజుదే దొరుకుతోంది, వానలు మొదలవకముందే అది వేయించేస్తాను.