ఈసీఐఎల్ అవతల శని, ఆదివారాలు: తిన్నవీ తిరిగినవీ

"మీ ఏరియాలో చూడ్డానికి ఏముంటుందక్కా?" అని బెంగళూరు నుంచి వచ్చిన మా తమ్ముడు శుక్రవారం రాత్రి సూట్‌కేస్ కింద పెట్టకముందే అడిగాడు. మేముండేది హైదరాబాద్ శివార్లలోని నాగారంలో, ఈసీఐఎల్ చౌరస్తా దాటాక కీసర రోడ్డు మీద. చార్మినార్, ట్యాంక్‌బండ్ వాడు ఎప్పుడో చూసేశాడు, గచ్చిబౌలి వైపు పోవాలంటే రానూపోనూ సగం రోజు కారులోనే గడిచిపోతుంది, అందుకే ఈసారి రెండు రోజులూ ఇటువైపే తిప్పుతానని పంతం పట్టాను.

బస సంగతి ముందే చెప్పేస్తా. చుట్టాలుంటే వాళ్లింట్లోనే ఉండండి. పోయినేడు మా ఆడపడుచు వాళ్లకు ఇక్కడే ఒక లాడ్జిలో గది బుక్ చేస్తే, ఆన్‌లైన్ ఫొటోలో కనబడిన కిటికీ అసలు గదిలో లేనే లేదు, పైగా పక్కన ఫంక్షన్ హాల్, రాత్రి ఒంటిగంట దాకా బ్యాండు. పొద్దున్నే మా ఇంటికొచ్చి పడుకున్నారు పాపం.

శనివారం ఏడు గంటలకే అందర్నీ లేపి సిటీ బస్సు ఎక్కించాను. తెలంగాణ ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం కింద నాకు జీరో టికెట్. మా మరదలు కూడా ధీమాగా ఆధార్ తీసింది, అందులో బెంగళూరు అడ్రసు ఉంది, కండక్టర్ నవ్వి డబ్బులు తీసుకుంది. అక్కడ బస్సుల్లో తనకు ఫ్రీ నాకు కాదు, ఇక్కడ నాకు ఫ్రీ తనకు కాదు. చౌరస్తా దగ్గర మేం ఎప్పుడూ తినే ఇడ్లీ బండికి బోర్డు లేదు, కుర్చీలు లేవు, ఎనిమిదిన్నర దాటితే ఇడ్లీ కూడా ఉండదు. 1967లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ, ఆ తర్వాత అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ వచ్చి, ఉద్యోగుల కాలనీలతో పెరిగిన ఊరు కదా, షిఫ్టులకు పోయేవాళ్ల అలవాటు వల్లనేమో ఇక్కడ టిఫిన్లు తొందరగా మొదలై తొందరగా అయిపోతాయి. ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి, పక్కన పల్లీ చట్నీ. వేడికి ప్లేటు మీది ప్లాస్టిక్ కవరు మెత్తబడుతుంటే మనసొప్పదు గానీ (ఇంటి నుంచి స్టీలు ప్లేట్లు తీసుకెళ్తే అందులోనే పెట్టిస్తాడు), నలుగురం కడుపునిండా తిన్నా రెండొందలు కాలేదు. తమ్ముడు రెండోసారి ఇడ్లీ అడిగినప్పుడే సగం గెలిచాననుకున్నా.

అక్కణ్ణుంచి ఆటోలో మౌలాలి. గుట్ట మీద హజ్రత్ అలీ పేరున ఉన్న దర్గా కుతుబ్‌షాహీల కాలం నాటిది. మెట్లు బాగానే ఉన్నాయి, ఎక్కడానికి ఎండ ముదరకముందే వెళ్లాలి, పైనుంచి రైలు పట్టాలు, మేడలు, మధ్యలో అక్కడక్కడా మిగిలిన బండరాళ్లు కనిపిస్తాయి. నాకు మాత్రం గుట్ట కన్నా దాని కింద ఉన్న మహలఖా బాయి చందా సమాధే ఎక్కువ ఇష్టం. నిజాం దర్బారులో ఆటపాటలతో, ఉర్దూ గజళ్లతో వెలిగిన మనిషి, తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం ఇక్కడ సమాధి కట్టించి, 1824లో పోయాక తనూ తల్లి పక్కనే చేరింది. అరగంట కూర్చుంటే మేం తప్ప ఇంకెవరూ రాలేదు. శనివారం పూట గోల్కొండలో ఇలా కూర్చోగలమా? ఏడేళ్ల మేనకోడలికి బోరు కొట్టిందని కూడా రాయాలి మరి.

సాయంత్రం మరదలు ముచ్చటపడిందని సైనిక్‌పురి వెళ్లాం. ఒకప్పుడు మాజీ సైనికుల కోసం వెలసిన కాలనీ, ఇప్పుడు ఆ చెట్ల కింది ఇళ్లు చాలావరకు కెఫేలయ్యాయి. కూర్చోడానికి హాయిగానే ఉంది, కాఫీ రెండొందల పైనే, మావాడు "దీనికి ఇంతదూరం రావాలా, మా వీధిలోనే నాలుగున్నాయి" అన్నాడు. నిజమే. రాత్రి మాత్రం నేనే దెబ్బతిన్నా. కొత్తగా తెరిచిన ఒక మండీ (అరబ్బుల తరహా మాంసం, అన్నం) హోటల్‌కి తీసుకెళితే యాభై నిమిషాలు బయట నిలబెట్టారు, లోపల కింద కూర్చోబెట్టారు, మా ఆయన మోకాళ్లు పట్టుకుని లేచేసరికి రెండు నిమిషాలు పట్టింది. అన్నం ఫర్వాలేదు, మటన్ మాత్రం మధ్యాహ్నమే వండి వేడిచేసినట్టు పీచుపీచుగా ఉంది. అదే డబ్బుతో ఇంట్లో రెండు కిలోల మటన్ వండుకునేవాళ్లం.

ఆదివారం కీసరగుట్ట మీది శివుడి గుడి. మా ఇంటి నుంచి కారులో అరగంట, మధ్యలో ఔటర్ రింగురోడ్డు దాటాలి. రాముడు అడిగితే ఆంజనేయుడు కాశీ నుంచి నూటొక్క లింగాలు తెచ్చాడట, ఆయన వచ్చేసరికే ప్రతిష్ఠ అయిపోయిందట, కోపంతో తెచ్చినవన్నీ విసిరేశాడని కథ. గుడి చుట్టూ బండల మీద ఇప్పటికీ లింగాలు చెల్లాచెదురుగా ఉంటాయి, ఒక్కోదాని మీద నూనె, కుంకుమ. నిన్న బోరుకొట్టిన పిల్లే ఇవాళ ఒక్కొక్కటీ లెక్కబెడుతూ నలభై దాకా వెళ్లింది, అంతలో కోతి వచ్చి వాళ్లమ్మ చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుపోతే లెక్క తప్పింది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన విష్ణుకుండిన రాజుల నాటి ఇటుక కట్టడాలు కూడా తవ్వకాల్లో బయటపడ్డాయి ఇక్కడ, ఓపికుంటే అవీ చూడండి. శివరాత్రి జాతరకు చంటిపిల్లలతో రావొద్దు, అడుగు తీసి అడుగు వేయలేరు. ఇలాంటి మామూలు ఆదివారమే నయం.

భోజనానికి అటువైపే రోడ్డు పక్కన ఒకావిడ నడిపే రేకుల షెడ్డు హోటల్. ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి, చెప్తేనే నాటుకోడి కోస్తుంది. బగారా అన్నం, కోడికూర, జొన్న రొట్టె, పచ్చి ఉల్లిగడ్డ, అంతే. కారం ఎక్కువైందని తమ్ముడు ముక్కు తుడుచుకుంటూనే మూడోసారి పులుసు పోయించుకున్నాడు. చేతులు కడుక్కోడానికి డ్రమ్ములో నీళ్లు, బాత్రూమ్ అడగొద్దు, అది గుడి దగ్గరే చూసుకుని రండి. రెండు రోజుల్లో తిన్నవాటిలో మొదటి మార్కు దీనికే, నలుగురూ ఒప్పుకున్నారు.

తర్వాత శామీర్‌పేట వెళ్లాం, అదే కొంచెం పొరపాటయింది. వానలకు చెరువు బాగా నిండి చూడముచ్చటగా ఉంది గానీ, కరీంనగర్ రోడ్డు మీద ఆదివారం సాయంత్రం కార్ల తాకిడి మామూలుగా ఉండదు. పక్కనే ఉన్న జవహర్ డీర్ పార్క్‌కి టైం చాల్లేదు. డే ప్యాకేజీ రిసార్టుకి పోదామా అని మరదలు అడిగితే వద్దన్నా, పోయినేడు ఆఫీసువాళ్లతో ఒకదానికి వెళ్లి, తలకింత చొప్పున కట్టి, పచ్చగా మారిన స్విమ్మింగ్ పూల్ చుట్టూ కూర్చుని వచ్చాం.

తిరిగొచ్చేటప్పుడు కీసర రోడ్డు మీద గంపల్లో సీతాఫలాలు. కళ్లు విచ్చినవి కొంటే బ్యాగులోనే చితికిపోతాయని గట్టివి ఏరి రెండు డజన్లు కట్టించా. సూట్‌కేస్‌లో చోటు కోసం తమ్ముడు తన ల్యాప్‌టాప్ తీసి భుజాన వేసుకున్నాడు. సగం బెంగళూరు చేరేలోపే పండాయట, మిగతావి మరదలు బియ్యం డబ్బాలో పెట్టిందట.