నేపాల్ యాత్రకు "ఆధార్ చాలు" అన్నారు, 51,900 వదిలింది

మమ్మల్ని నేపాల్ తీసుకెళ్లిన ట్రావెల్స్‌వాళ్ల కరపత్రం మీద పెద్దక్షరాలతో ఉంది: "పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ చాలు." డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడిగాను, తర్వాత ఆఫీసుకెళ్లి కూడా అడిగాను. "ఎన్ని బ్యాచ్‌లు తీసుకెళ్లాం సార్, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు" అన్నాడు ఏజెంటు. తలకు 38,500 చొప్పున నలుగురికీ కట్టాం: నేనూ మా ఆవిడా, పిన్నీ బాబాయీ. వెళ్లేటప్పుడు రైలు, వ్యాను. వచ్చేటప్పుడు కాఠ్‌మండూ నుంచి ఢిల్లీకి విమానం. బాబాయికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఏరికోరి ఆ ప్యాకేజీ తీసుకున్నాం. సరిగ్గా ఆ విమానం దగ్గరే మా కొంప మునిగింది. నేపాల్ కొండల్లోని ముక్తినాథ్ గుడికి వెళ్దామనుకునే పెద్దవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు, వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

వరంగల్ నుంచి గోరఖ్‌పూర్ దాకా రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో హాయిగా వెళ్లాం. అక్కడి నుంచి వ్యానులో సోనౌలి. సరిహద్దు గేటు దగ్గర మన సశస్త్ర సీమా బల్ జవాను ఒకతను కిటికీలోంచి చెయ్యి పెట్టి అందరి కార్డులూ తీసుకున్నాడు, ముఖాలు చూశాడు, ఇచ్చేశాడు. అవతలి వైపు నేపాల్ పోలీసు సామాను చూశాడే తప్ప కార్డు ఊసే ఎత్తలేదు. 1950లో రెండు దేశాలూ చేసుకున్న శాంతి, మైత్రి ఒప్పందం వల్ల మనకు అక్కడ వీసా అక్కర్లేదు. కూరగాయల సంచులతో జనం అటూ ఇటూ నడిచి వెళ్తూనే ఉన్నారు. ఏజెంటు ధైర్యమంతా ఈ గేటును చూసుకునే. రోడ్డున వెళ్లి రోడ్డున వచ్చేవాళ్లకు ఆధార్‌తో పని జరిగిపోతుంది. అదే మాటను విమానానికీ అంటగట్టాడు.

పోఖరాలో సరస్సు ఒడ్డున గది 2,400 నేపాలీ రూపాయలు, అంటే మన 1,500. మన రూపాయికి అక్కడ 1.60, ఈ లెక్క 1993 నుంచీ మారలేదు. గది శుభ్రంగా ఉంది, వేణ్నీళ్లు వచ్చాయి. ముక్తినాథ్ దారిలో అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ తీసుకోవాలి. మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలవాళ్లకు 1,000 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకు 3,000. ప్యాకేజీలో కలిసే ఉందని చెప్పి, దారిలో మా దగ్గర విడిగా వసూలు చేశారు. అప్పుడే నాకు అనుమానం మొదలైంది.

ముక్తినాథ్ 3,700 మీటర్ల పైనే ఉంటుంది. మెట్లెక్కుతుంటే పది అడుగులకే ఆయాసం. 108 దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రంగా దీన్ని వైష్ణవులు కొలుస్తారు. మోకాళ్లు పట్టుకుని ఎక్కిన బాబాయి, గుడి వెనక నూట ఎనిమిది ధారల కింద ఒక్కటీ వదలకుండా తడిసి వచ్చారు. ఆ మంచునీళ్లకు పెదాలు నీలంగా మారినా ఆయన ముఖంలో సంతోషం చూడాల్సిందే.

ముక్తినాథ్ దారిలోని జోమ్‌సోమ్‌లో తిన్న భోజనం గురించి చెప్పకపోతే అన్యాయం. థకాలీ అనే అక్కడి తెగకు చెందిన ఒక ఇంటావిడ వంటింటి పక్కనే నాలుగు బల్లలు వేసి పెడుతోంది. ఇత్తడి పళ్లెంలో అన్నం, ఇనప మూకుట్లో ఉడికిన నల్ల పప్పు, ఆవాకు కూర, గుండ్రుక్ అనే పులియబెట్టి ఎండబెట్టిన ఆకు, తిమూర్ వేసిన టమాటా పచ్చడి. తిమూర్ మిరియంలాగే ఉంటుంది గానీ నాలుక మీద జుమ్మంటుంది. పప్పులో నేతి పోపు కమ్మగా వస్తుంటే పిన్ని ఉండబట్టలేక లోపలికెళ్లి అడిగింది. ఆవిడ గుప్పెడు ఎండు పోచలు తెచ్చి పిన్ని అరచేతిలో పోసింది. జింబూ అట, కొండల్లో దొరికే ఉల్లిజాతి మొక్క. నేతిలో పడగానే మన ఇంగువ పోపుకు దగ్గరగా ఘుమాయిస్తుంది. పళ్లెం 480 నేపాలీ రూపాయలు, మన 300. అన్నం, పప్పు, కూర ఎన్నిసార్లైనా వడ్డిస్తారు. ప్యాకేజీ తిండి మానేసి మరీ ఇలాంటి చోట తినండి.

ఇక కాఠ్‌మండూ విమానాశ్రయం. కౌంటర్‌లో అమ్మాయి మా ఇద్దరి పాస్‌పోర్టులూ తీసుకుంది. బాబాయి ఆధార్ మీద పుట్టిన సంవత్సరం చూసి సరేనంది. పిన్ని ఆధార్‌ను మాత్రం వేలితో బల్ల మీదే వెనక్కి నెట్టేసింది. ఇది చెల్లదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటేనే ఎక్కనిస్తామంది. మొగుడి ఆధార్ చెల్లి తన ఆధార్ ఎందుకు చెల్లదో పిన్నికి అంతుబట్టలేదు. కారణం వయసు. బాబాయికి 68, పిన్నికి 61. విమానంలో నేపాల్ వెళ్లిరావడానికి 65 దాటినవాళ్లకు, 15 లోపు పిల్లలకు మాత్రమే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి పనికొస్తాయి. ఈ రెంటికీ మధ్య వయసున్నవాళ్లకు చెల్లే పాస్‌పోర్టు ఉండాలి, లేదంటే ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. 15 నుంచి 18 ఏళ్లవాళ్లకైతే స్కూలు ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చిన ధ్రువపత్రం కూడా చెల్లుతుంది.

పిన్ని ఓటరు కార్డు ఇంట్లో బీరువాలో ఉంది. ఆధార్ చాలన్నారు కాబట్టి తేలేదు. తమ్ముడు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, ఫోన్‌లో చూపిస్తే కుదరదు, అసలు కార్డే కావాలన్నారు. ఎంబసీకి వెళ్లి, తిరుగు ప్రయాణానికి ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకోమని సలహా ఇచ్చారు. మన ఎంబసీ లైన్‌చౌర్‌లో ఉంది. ఆ రోజేమో శనివారం, సెలవు.

నాకు ఒక నిబంధన తెలుసు. భార్యాభర్తలు, మైనరు పిల్లలు, తల్లిదండ్రులు కలిసి ప్రయాణం చేస్తుంటే పెద్దవాళ్లలో ఒకరి దగ్గర పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు. మిగతావాళ్లు ఫోటో ఉన్న గుర్తింపు, బంధుత్వానికి రుజువు చూపించాలి. బాబాయి పర్సులో ఆయన ఓటరు కార్డు ఎప్పుడూ ఉంటుంది. పిన్ని ఆధార్ పాతది, దాని మీద వైఫ్ ఆఫ్ అని బాబాయి పేరు అచ్చై ఉంది. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, మన ఇమిగ్రేషన్ బ్యూరో పేజీ ఫోన్‌లో తెరిచి చూపించాను. ఆ అమ్మాయి ఫోన్ వైపు కన్నెత్తి చూడలేదు. "పక్కకు జరగండి" అని వెనకవాళ్లను పిలిచింది. పై అధికారి వచ్చేసరికి గేటు మూసేశారు.

పిన్ని సామాను బండి పక్కన కూలబడి "నా మూలంగా అందరి ప్రయాణం ఆగిపోయిందిరా" అంటూ కళ్లు తుడుచుకుంది. బాబాయి కోపం ఏజెంటు మీద పోయి ఆవిడ మీదికి తిరిగింది: "ఓటరు కార్డు పెట్టుకోమంటే వినలేదు." "మీరెప్పుడన్నారండీ, నేనూ అక్కడే ఉన్నాగా" అని మా ఆవిడ అడ్డుపడింది. ఆ రాత్రి నలుగురం భోజనానికి కూర్చున్నా ఎవరమూ సరిగా తినలేదు.

మర్నాడు అవే రెండు కార్డులు, అదే పేజీ. ఈసారి ఉన్న అధికారి నిలబడి మొత్తం చదివాడు, రెండు కార్డులకూ జిరాక్స్ తీసి పిన్ చేసుకుని బోర్డింగ్ పాస్ ఇచ్చాడు. ఇమిగ్రేషన్‌లోనూ ఎవరూ ఆపలేదు. ముందురోజు కూడా మాకు ఎక్కే హక్కు ఉందన్నమాటే కదా! కొత్త టికెట్లు తలకు 11,850, నలుగురికి 47,400. రెండు గదులకు మన లెక్కలో 4,000. టాక్సీకి 500. మొత్తం 51,900. ఢిల్లీ నుంచి వరంగల్ రైలు టికెట్లు పోయింది వేరు. ఏజెంటును అడిగితే "బోర్డర్‌లో ఎవరూ ఆపలేదు కదా సార్" అన్నాడు. పైసా ఇవ్వలేదు.

నా మాటగా చెబుతున్నాను, నేపాల్‌కు పాస్‌పోర్టు తీసుకెళ్లండి. అక్కర్లేదని రూలు చెప్పినా సరే తీసుకెళ్లండి. పర్మిట్ ఆఫీసులో, హోటల్లో, విమానం కౌంటర్‌లో నా పాస్‌పోర్టు చూసి ఒక్కరూ రెండో ప్రశ్న వేయలేదు. పోతే ఎలా అని బాబాయి భయం. పోతే ఎంబసీ తిరుగు ప్రయాణానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. కాఠ్‌మండూ నుంచి అటే ఇంకో దేశం వెళ్లాలనుకుంటే ఎలాగూ పాస్‌పోర్టు తప్ప దారి లేదు.

ఓటరు కార్డు రెండో స్థానం. ఖర్చు లేదు, రూలు ప్రకారం పూర్తిగా చెల్లుతుంది. మన తెలుగువాళ్లకు మాత్రం అందులో పేరుతో పేచీ. ఇంటిపేరు ఒక కార్డులో పొడి అక్షరంగా ఉంటుంది, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటుంది. పెళ్లైన ఆడవాళ్లకు పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, ఓటరు కార్డులో అత్తింటిది. కౌంటర్‌లో ఏ కార్డు చూపిస్తారో అందులో ఉన్న పేరుతోనే టికెట్ తీయించండి. కార్డు ఫోటో మాసిపోయి ఉంటే ముందే మార్పించుకోండి. ఆధార్ రోడ్డు ప్రయాణానికి సరే. 15 నుంచి 65 మధ్య వయసువాళ్లు దాన్ని నమ్ముకుని విమానం టికెట్ కొనొద్దు.

భూటాన్‌కైతే ఈ ఊగిసలాటే లేదు. ఆరు నెలలకు తక్కువ కాకుండా గడువున్న పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు, పెద్దవాళ్లకు అంతే. రాత్రికి తలకు 1,200 రూపాయల రుసుము 2022 నుంచి మనవాళ్లకూ ఉంది, బడ్జెట్‌లో కలుపుకోండి.

పిన్ని పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టేశాం. మామూలు ఫీజు 1,500, అరవై దాటినవాళ్ల కొత్త పాస్‌పోర్టుకు పది శాతం తగ్గింపు, 1,350 అయింది. మా వీధిలో ఇంకో కుటుంబం అదే ట్రావెల్స్‌లో వెళ్తోంది. "ఆధార్ చాలు, విమానానికి కూడా" అని రసీదు మీద రాసి సంతకం పెట్టమని అడగండి అన్నాను. అడిగారు. రాసివ్వలేదు. మర్నాడు ట్రావెల్స్‌వాళ్లే ఫోన్ చేసి, అందరూ ఓటరు కార్డులు తెచ్చుకోండి అని చెప్పారట.