నడుము, మోకాలు, చెవులు: కరోనా ఏడాదిలో నా వీఏ క్లెయిమ్

అమెరికా ఆర్మీలో నాలుగేళ్ళు లారీ డ్రైవర్‌గా పనిచేశాను. గుంటూరు నుంచి ఎం.ఎస్. చదవడానికి వచ్చాను. మావ్ని అనే పథకం కింద కొన్ని భాషలు వచ్చినవాళ్ళని గ్రీన్ కార్డు లేకపోయినా సైన్యంలోకి తీసుకుంటున్నారని తెలిసి, హిందీ చూపించి 2014లో చేరాను. 2016లో ఆ పథకం ఆగిపోయింది. నాలాగే చేరిన తెలుగువాళ్ళు ఇప్పుడు ఒక్కొక్కరే బయటికొస్తున్నారు. వాళ్ళలో చాలామంది ఇంకా వీఏకి, అంటే అమెరికాలో మాజీ సైనికుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖకి, డిజెబిలిటీ క్లెయిమ్ (సర్వీసు వల్ల వచ్చిన జబ్బులకి నెలనెలా పరిహారం కోరే దరఖాస్తు) వేయలేదని తెలిసి ఇది రాస్తున్నాను.

నేనూ 2018లో బయటికొచ్చినప్పుడు వేయలేదు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, అది గాయపడినవాళ్ళ డబ్బు, మనకెందుకు అనుకున్నాను. ఆ ఆలోచన వల్ల నష్టపోయాను. సర్వీసు వదిలిన ఏడాదిలోపు క్లెయిమ్ వేస్తే వదిలిన మర్నాటి నుంచే లెక్క కడతారు. ఆ ఏడాది దాటిపోయాక నడుము నొప్పితో కారులో గంటసేపు కూర్చోలేని స్థితి వచ్చింది. అప్పుడు కౌంటీ వెటరన్స్ ఆఫీసుకి, అంటే జిల్లా స్థాయిలో మాజీ సైనికులకి సాయం చేసే చోటికి, వెళ్ళాను. అక్కడ ఫీజు తీసుకోరు. వియత్నాంలో పనిచేసిన ఒక పెద్దాయన నా మాట సగం విని, ముందు 'ఇంటెంట్ టు ఫైల్' వేయించాడు. క్లెయిమ్ వేయబోతున్నానని తెలిపే చిన్న ఫారం అది. అది వేశాక అసలు క్లెయిమ్ వేయడానికి ఏడాది గడువుంటుంది, మంజూరైతే డబ్బు ఆ మొదటి తేదీ నుంచే లెక్కిస్తారు. 2019 నవంబరులో చేసిన ఆ పది నిమిషాల పని తర్వాత నన్ను చాలా కాపాడింది.

పూర్తి క్లెయిమ్ 2020 ఫిబ్రవరిలో పెట్టాను. అందులో నడుము, కుడి మోకాలు, చెవుల్లో ఎప్పుడూ వినిపించే హోరు, నిద్రలేమితో కూడిన ఆందోళన రాశాను. 2014 తర్వాత వదిలినవాళ్ళ వైద్య రికార్డులు డిజిటల్‌గా ఉండటంతో నావి త్వరగానే దొరికాయి. అంతకుముందు పనిచేసిన నా మిత్రుడి కాగితాలు సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రంలో ఉన్నాయి. మార్చిలో ఆ కేంద్రం మూతపడింది, పాత ఫైళ్ళు తీసిచ్చే మనిషి లేడు. వీఏ చేయించే వైద్య పరీక్ష దాకా కూడా రాకుండానే నెలల తరబడి ఆయన క్లెయిమ్ కదల్లేదు.

నా మొదటి పరీక్ష మార్చి చివరి వారంలో ఉంది. రెండు రోజుల ముందు ఫోన్ చేసి రద్దయిందన్నారు. ఏప్రిల్లో వీఏ దేశమంతటా మనిషిని ఎదురుగా చూసి చేసే పరీక్షలన్నీ ఆపేసింది. మే 28న 20 చోట్ల మాత్రం మళ్ళీ మొదలుపెట్టింది, మా ఊరు అందులో లేదు. వెబ్‌సైట్‌లో నా క్లెయిమ్ పక్కన 'ఆధారాల సేకరణ' అని నెలల పాటు అదే మాట ఉంది. రోజూ పొద్దున లేవగానే అది చూడటం అలవాటైపోయింది, చూసిన ప్రతిసారీ టెన్షన్ పెరిగేది. 125 రోజులు దాటిన క్లెయిమ్‌ని బ్యాక్‌లాగ్ అంటారు. ఆ ఏడాది చివరికి అలాంటివి రెండు లక్షలు దాటాయి. మాది ఒక్కటే కాదని తెలిసినా మనసు ఊరుకోదు.

ఎగ్జామ్ వాయిదా పడిందని ఫోన్‌లో చెబితే అమ్మ, "మళ్ళీ చదువుతున్నావా నాన్నా?" అంది. ఏం పరీక్షో ఆమెకి అప్పుడు చెప్పలేదు. సైన్యంలో చేరినప్పుడే ఆమె చాలా భయపడింది, ఇప్పుడు నడుము పాడైందని ఎలా చెప్పను?

అసలు ఈ పరీక్ష ఏమిటో చెప్పాలి. దీన్ని సీ అండ్ పీ ఎగ్జామ్ అంటారు. చూసే డాక్టరు మందు రాయరు, వైద్యం చేయరు, వైకల్యం ఎంత శాతమో తేల్చరు. మన జబ్బు ఎంతుందో, అది సర్వీసు వల్ల వచ్చిందనడానికి సగానికి తక్కువ కాని అవకాశం ఉందో లేదో రాసి పంపుతారు. దాన్ని చూసి శాతం నిర్ణయించేది వేరే మనిషి. ఆ మనిషి మన మొహం చూడడు. కాబట్టి ఆ అరగంటలో ఏం రాశారన్నదే మొత్తం.

జూలైలో వీడియోలో మొదటి పరీక్ష జరిగింది, ఆందోళన గురించి. నిజం చెప్పాలంటే ఇది నాకు బాగా నచ్చింది. నా గదిలో నా కుర్చీలో కూర్చుని మాట్లాడాను. పరీక్ష చేసిన డాక్టరమ్మ తొందరపెట్టలేదు, గంటకు పైగా విన్నారు. క్లినిక్‌లో అయితే నిద్ర గురించి అంత విడమరిచి చెప్పగలిగేవాణ్ణి కాదు. మానసిక సమస్యలకి వీడియో పరీక్ష వస్తే వద్దనకండి. అయితే నడుముకి వీడియో పనికిరాదు. ముందుకి ఎన్ని డిగ్రీలు వంగగలమో కోణం కొలిచే గోనియోమీటర్ పెట్టి కొలవాలి. మామూలు మనిషి 90 డిగ్రీలు వంగుతాడు. 60కి మించలేకపోతే 20 శాతం, 30కి మించలేకపోతే 40 శాతం. అయిదు డిగ్రీల తేడాతో శాతం మారిపోయే చోట ఫోన్‌లో అడిగి రాస్తే ఎలా? చెవులకీ అంతే, శబ్దం రాని గదిలో కూర్చోబెట్టాలి. ఆ పరీక్ష సెప్టెంబరులో అయింది, ఇబ్బంది లేకుండా.

అక్టోబరులో నడుము, మోకాలి పరీక్షకి పిలిచారు. వీఏ తరఫున పరీక్షలు చేయించే కాంట్రాక్టు సంస్థ ఇచ్చిన చిరునామాకి గంటన్నర డ్రైవ్ చేసుకుని, మధ్యలో రెండుసార్లు కారాపి నడుం సాగదీసుకుంటూ వెళ్ళాను. తలుపుకి తాళం ఉంది. డాక్టరు క్వారంటైన్‌లో ఉన్నారని అద్దం మీద కాగితం అంటించారు. ఎవరూ ఫోన్ చేయలేదు. ఎందుకో తోచి ఆ కాగితం కనిపించేలా తలుపుని ఫోటో తీశాను. మూడు వారాల తర్వాత నేను పరీక్షకి హాజరు కాలేదని రికార్డులో కనిపించింది! సరైన కారణం లేకుండా వెళ్ళకపోతే ఉన్న కాగితాల మీదే క్లెయిమ్ తేల్చేస్తారు. ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు కౌంటీ ఆఫీసు పెద్దాయనతో మాట్లాడి, ఫోటో, అపాయింట్‌మెంట్ ఉత్తరం, ఒక పేజీ వివరణ కలిపి అప్‌లోడ్ చేశాను. నవంబరు చివరలో మళ్ళీ తేదీ ఇచ్చారు. ఆ ఫోటో లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా ఇష్టం లేదు. మీరు వెళ్ళిన ప్రతి చోటా టైము కనిపించేలా ఫోటో తీసుకోండి.

ఆ నవంబరు పరీక్ష ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నడుము పద్ధతిగానే కొలిచారు. మోకాలి దగ్గర నేనే తప్పు చేశాను. మాస్కులు పెట్టుకుని, దూరదూరంగా, త్వరగా ముగిద్దామన్నట్టు ఉంది అక్కడి వాతావరణం. "ఈ రోజు మోకాలు ఎలా ఉంది?" అని అడిగితే నా నోటి నుంచి "బానే ఉందండీ" అన్నంత సులభంగా "ఫైన్" అని వచ్చేసింది. మనింట్లో ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగున్నానంటాం. సైన్యంలో అది ఇంకా గట్టిపడుతుంది, నొప్పి అన్నవాడు వెనకబడ్డట్టే. వంచినప్పుడు నొప్పి పుట్టినా పళ్ళు బిగించి వంచాను. నొప్పి లేదని డాక్టరు రాశారు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటానని, నెలలో నాలుగైదు రోజులు మోకాలు వాచిపోతుందని ఆయనకెలా తెలుస్తుంది? నేను చెప్పలేదు.

2021 ఫిబ్రవరిలో నిర్ణయం వచ్చింది. ఆందోళనకి 30, నడుముకి 20, చెవులకి 10, మోకాలికి సున్నా. 30, 20, 10 కలిపితే 60 అనుకుంటాం. వీఏ అలా కూడదు. 30 పోగా మిగిలిన 70లో 20 శాతం, అంటే 14 కలిపితే 44. మిగిలిన 56లో 10 శాతం కలిపితే 50కి కొంచెం తక్కువ. అందుకని నాకు 50 వచ్చింది. 2020లో 10 శాతానికి నెలకు 142 డాలర్లైతే, 50 శాతానికి ఒంటరి మనిషికి 893 డాలర్లు. దీని మీద పన్ను లేదు. 2019 డిసెంబరు నుంచి బకాయి మొత్తం ఒకేసారి బ్యాంకులో పడింది. ఆలస్యమంతా వాళ్ళ వైపు జరిగినా డబ్బు పోలేదంటే ఆ చిన్న ఫారం వల్లే.

మోకాలికి మళ్ళీ ప్రయత్నించాను. జబ్బు ఎంతుందో సొంత డాక్టరు నింపి ఇవ్వడానికి వీలైన డీబీక్యూ అనే ప్రశ్నల ఫారాల్ని వీఏ 2020లో వెబ్‌సైట్ నుంచి తీసేసింది. సరిగ్గా పరీక్షలు ఆగిపోయిన రోజుల్లో అవి ఉండుంటే ఎంతోమందికి దారి దొరికేది. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. కాంగ్రెస్ చట్టం చేశాక 2021లో మళ్ళీ పెట్టారు. మా ఇంటి దగ్గర డాక్టరు చేత నింపించి, నొప్పి వచ్చిన రోజులు రాసుకున్న డైరీ, మా ఆవిడ చూసింది చూసినట్టు రాసిన ఉత్తరం జతచేసి, నిర్ణయం వచ్చి ఏడాది దాటకముందే, కొత్త ఆధారాలతో మళ్ళీ చూడమనే సప్లిమెంటల్ క్లెయిమ్ వేశాను. మోకాలికి 10 ఇచ్చారు, పాత తేదీ నుంచే. అదే లెక్కలో 50 కాస్తా 55 అయి, దాన్ని పదుల్లోకి సర్దితే మొత్తం 60 అయింది.

మొత్తం ఏర్పాటుకి అయిదులో మూడు ఇస్తాను. నియమాలు సైనికుడి పక్షాన ఉన్నాయి, పరీక్ష చేసిన మనుషులు దాదాపు అందరూ మర్యాదగా చూశారు. ఎదురుచూసే మనిషికి ఏం జరుగుతోందో చెప్పే ఏర్పాటు మాత్రం అప్పుడు చాలా బలహీనంగా ఉంది.

ఆ తర్వాత ఇద్దరు తెలుగు కుర్రాళ్ళకి తోడుగా పరీక్షలకి వెళ్ళాను. ఇద్దర్నీ ముందు రోజు రాత్రి ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, ఒళ్ళు బాగోలేని రోజు ఎలా గడుస్తుందో నాకు చెప్పమన్నాను. ఒకడు పది నిమిషాల పాటు "ఏం లేదన్నా" అంటూనే ఉన్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. అర్ధరాత్రి దాకా చెప్పాడు. పొద్దున అవే మాటలు కాగితం మీద రాసుకుని లోపలికి వెళ్ళాడు.