మూలాధారం కుదుటపడటానికి ఏది మేలు: ఉత్తకాళ్ళ నడకా, ఆసనమా, జపమా, మూలబంధమా?

మూలాధారం అంటే వెన్నెముక అడుగున ఉంటుందని యోగం చెప్పే చక్రం. బెంగళూరులో "నా మూలాధారం బాగోలేదు" అనే మాట ఎవరి నోట వినిపిస్తుందో గమనించండి. మారతహళ్ళి పీజీలో నోటీసు పీరియడ్ రోజులు లెక్కపెట్టుకుంటున్న కుర్రాడు, వైట్‌ఫీల్డ్‌లో పదిహేనో అంతస్తు ఫ్లాటుకి ఈఎంఐ కడుతున్న దంపతులు, ఇల్లు ఖాళీ చెయ్యమని ఓనరు చెప్పినప్పటినుంచి కంటి మీద కునుకు లేనివాళ్ళు. ఇల్లు, తిండి, డబ్బు, ఒంటి భద్రత: వీటి గురించిన భయాలన్నీ ఇవాళ మూలాధారం ఖాతాలో పడుతున్నాయి.

పాత గ్రంథాల్లో ఈ ఖాతా లేదు. పూర్ణానందుడు 1577లో రాసిన షట్చక్రనిరూపణంలో మూలాధారం అంటే నాలుగు రేకుల ఎర్రటి పద్మం. రేకుల మీద వ, శ, ష, స అక్షరాలు, మధ్యలో పసుపుపచ్చ చతురస్రం, అందులో భూతత్వానికి బీజమైన "లం", దాని కింద ఏనుగు. అద్దె గురించీ ఉద్యోగం గురించీ అందులో ఏమీ ఉండదు. భయాన్నీ భద్రతనూ ఈ చక్రానికి ముడిపెట్టింది 20వ శతాబ్దపు వ్యాఖ్యానాలే. అంతమాత్రాన అది పనికిరాదని కాదు. భూమి అంటే నిలకడ అనే పోలిక మనకి కొత్తది కాదు. కంగారుపడేవాణ్ణి కాలుగాలిన పిల్లి అంటాం, కాళ్ళ కింద నేల కదిలిందంటాం, కుదురు లేదంటాం.

అయితే చక్రం సూక్ష్మశరీరానికి సంబంధించిన భావన. స్కానింగులో దొరికే అవయవం కాదు. కాబట్టి "మీది నలభై శాతం మూసుకుపోయింది" అని ఎవరైనా లెక్క చెబితే నవ్వుకుని లేచి వచ్చెయ్యండి. సాధన పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి నాలుగు గుర్తులు చాలు: పడుకున్నాక నిద్ర పట్టడానికి ఎంతసేపు పడుతోంది, ఊపిరి ఛాతీలోనే ఆగిపోతోందా పొట్టదాకా దిగుతోందా, పళ్ళు బిగబట్టే అలవాటు తగ్గిందా, కూర్చున్నచోట అరికాళ్ళు ఉన్నట్టు తెలుస్తోందా. కింది నాలుగింటినీ ఈ గుర్తులతోనే తూచాం.

మూలబంధం: అందరూ ముందు మొదలుపెట్టేది, నిజానికి చివర రావాల్సింది

మూలాధారం అనగానే వీడియోల్లో మొదట చెప్పేది మూలబంధం, అంటే కటి అడుగు కండరాల్ని లోపలికి బిగించడం. పేరు కలిసింది కదా! ఇక్కడే పొరపాటు జరుగుతోంది.

హఠయోగ ప్రదీపిక మూడో అధ్యాయంలో దీని పని స్పష్టంగా ఉంది: సహజంగా కిందికి పోయే అపానం అనే ప్రాణశక్తిని బలవంతంగా పైకి మళ్ళించడం. మనసు కిందికి దిగి కుదురుకోవాలని కోరుకునేవాడికి శక్తిని పైకి తోలే ప్రక్రియ ఇస్తున్నామన్నమాట. శాస్త్రం లెక్కలో చూసినా ఇది తిరగబడ్డ మందు.

ఒంటి లెక్కలో చూస్తే ఇంకా తేలిక. ఆందోళనలో ఉన్నవాళ్ళు చాలామంది తమకు తెలియకుండానే దవడ, భుజాలు, పొట్ట, కటి అడుగు కండరాలు బిగించుకునే ఉంటారు. వాళ్ళకి కావలసింది వదలడం. రోజుకి వందసార్లు బిగించమంటే మలబద్ధకం, మూత్రం పూర్తిగా వెళ్ళనట్టుండటం, తోక ఎముక దగ్గర నొప్పి రావచ్చు. అప్పుడు "శక్తి మేలుకుంటోంది" అని సర్దిచెప్పుకుంటారు. అది శక్తి కాదు, అలిసిపోయిన కండరం.

నేర్చుకోవాలనుకుంటే ఎదురుగా గురువు ఉండాలి. కొలతలు ఇవి. కాళ్ళు మడిచి కూర్చుని, ఊపిరి వదులుతూ, మలద్వారానికీ జననేంద్రియానికీ మధ్య చోటుని లోపలికి, పైకి మెల్లగా లాగాలి. స్త్రీలకి ఆ చోటు ఇంకాస్త లోపల, గర్భాశయ ముఖం దగ్గర అనిపిస్తుంది. 3 లెక్కలు పట్టి, 6 లెక్కలు వదలాలి. 5 సార్లు చాలు. పట్టిన దానికి రెట్టింపు వదలడమే అసలు పాఠం. పిరుదులు గట్టిపడితే, పొట్ట లోపలికి పోతే, పళ్ళు కలిస్తే మీరు బంధం వెయ్యట్లేదు, ఒళ్ళంతా బిగిస్తున్నారు. గర్భిణులు, మొలలు లేదా ఫిషర్ ఉన్నవాళ్ళు, కటి భాగంలో నొప్పి ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు దీని జోలికి పోవద్దు. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగపట్టి అసలు చెయ్యకూడదు.

నిలబడి చేసే ఆసనాలు: రోజుకి పది నిమిషాలు, టైల్స్ మీదైనా సరే

నాలుగింటిలో మా ఓటు దీనికే. ఎందుకంటే ఇందులో ఊహించుకోవాల్సింది ఏమీ లేదు. బరువు కాళ్ళలోకి దిగుతుంది, దిగినట్టు తెలుస్తుంది. తల ఎంత పరిగెడుతున్నా ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు తూలకుండా చూసుకోవడం తప్పనిసరి.

తాడాసనంతో మొదలుపెట్టండి. పాదాల మధ్య తుంటి వెడల్పు ఎడం. బరువుని ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు, కుడికీ ఎడమకీ నాలుగుసార్లు ఊపి, మధ్యలో ఆపండి. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ: మూడు చోట్లా సమానంగా ఆనాలి. మోకాళ్ళు వెనక్కి లాగి తాళం వేసినట్టు బిగించకూడదు, పిసరంత వదులుగా ఉంచాలి. కళ్ళు తెరిచే ఉంచండి. 4 లెక్కల్లో పీల్చి 6 లెక్కల్లో వదలండి. ఇలా 12 ఊపిరులకు 2 నిమిషాలు పడుతుంది. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం తగ్గుతుంది, దడ సర్దుకోవడంలో సగం పని దానిదే.

తరవాత మాలాసనం, అంటే గొంతుక్కూర్చోవడం. మన తాతలు దీన్ని ఆసనమని కూడా అనుకోలేదు. కమోడ్లు, ఆఫీసు కుర్చీలు వచ్చాక చీలమండలు బిరుసెక్కి మడమలు గాల్లోకి లేస్తున్నాయి. మడమలు లేస్తే బరువంతా వేళ్ళమీద పడుతుంది, నిలకడ ఉండదు. అప్పుడు తుండుగుడ్డని రెండు అంగుళాల మందం వచ్చేలా మడిచి మడమల కింద పెట్టండి, వీపు గోడకి ఆనించండి. మోకాలు ఏ వైపు తిరిగితే కాలివేళ్ళూ ఆ వైపే ఉండాలి. 5 ఊపిరులు చాలు. పాదాలు తిమ్మిరెక్కితే వెంటనే లేవండి. లేచేటప్పుడు చేతులు నేల మీద ఆనించి ముందు తుంటి, తరవాత వీపు, ఆఖరున తల. గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి, అదేదో అనుభూతి అనుకుంటారు పాపం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దీన్ని వదిలేసి, గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు సగం మాత్రమే కిందికి జారి 5 ఊపిరులు ఆగితే సరిపోతుంది.

ఆ పైన వృక్షాసనం, అంటే ఒంటికాలి మీద నిలబడటం, ఒక్కో కాలికి 5 ఊపిరులు. పైకెత్తిన పాదం మోకాలి పక్కన ఆనకూడదు, పిక్క మీదో తొడ మీదో ఉండాలి. తల తిరిగే జబ్బున్నవాళ్ళు గోడ పక్కనే నిలబడాలి. చివర 3 నిమిషాలు శవాసనంలో మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనకభాగం నేలకి ఎక్కడెక్కడ తగులుతున్నాయో వరసగా గమనించడం. ఈ భాగాన్ని ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ.

ఇది పనిచెయ్యకపోవడానికి ఒకటే పెద్ద కారణం: అద్దం ముందు భంగిమ చూసుకుంటూ చెయ్యడం. చూపు బొమ్మ మీద పడితే ధ్యాస కాళ్ళలోకి పోదు.

ఉత్తకాళ్ళ నడక: మంచిదే, కానీ ఊరు సహకరించాలి

పదిహేనో అంతస్తులో ఉండేవాళ్ళకి మట్టి తగలడమే ఒక పండగ. ఈ ఊళ్ళో లాల్‌బాగ్ తోటలోని బండని మించిన చోటు లేదు. దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి శిల, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం, పైన కెంపేగౌడ గోపురం. భూతత్వం అనే మాట ఎక్కడైనా ఒంటికి అర్థమవుతుందంటే ఇక్కడే. పొద్దున్నే వెళ్ళండి. ఎండాకాలంలో పొద్దెక్కాక ఆ రాయి అట్లపెనమే. వానల్లో నాచు పట్టిన చోట జారుతుంది.

మొదటి వారం 10 నిమిషాలు మించొద్దు. మడమ, పాదం అంచు, వేళ్ళు, ఈ వరసలో ఆనాలి. 4 అడుగులు పీల్చడం, 6 అడుగులు వదలడం. ఫోను జేబులో, ఇయర్‌ఫోన్లు ఇంట్లో. పాడ్‌కాస్ట్ వింటూ ఉత్తకాళ్ళతో నడిస్తే అరికాళ్ళు గట్టిపడతాయేమో గానీ మనసు కుదురుకోదు.

మధుమేహం ఉండి పాదాల స్పర్శ తగ్గినవాళ్ళు చెప్పులు విప్పనే కూడదు. గుచ్చుకున్నది తెలియదు, పుండు పడుతుంది. కుక్కల్ని తిప్పే చోట తడిమట్టిలో కొంకిపురుగు (హుక్‌వార్మ్) ఉండొచ్చు, అది చర్మం గుండానే లోపలికి పోతుంది. ఇంటికొచ్చాక సబ్బుతో కడుక్కుని, వేళ్ళ సందులు తుడుచుకోండి. టెటనస్ బూస్టర్ వేయించుకుని పదేళ్ళు దాటితే వేయించుకోండి. నేలతో విద్యుత్ సంబంధం కలుపుతామనే ఎర్తింగ్ మ్యాట్‌ల మీద జరిగినవి చిన్న అధ్యయనాలే, డబ్బు పెట్టేంత బలం వాటిలో లేదు.

ఆసనంతో పోలిస్తే దీని లోటు క్రమం. ట్రాఫిక్ దాటుకుని రోజూ లాల్‌బాగ్ చేరేదెవరు? వారానికోసారి పెట్టుకుంటే బాగుంటుంది.

లం జపం: రాత్రిపూట ఆలోచనలకు

ఇక్కడ తెలుగువాళ్ళకి పుట్టుకతో వచ్చిన సౌలభ్యం ఉంది. ఇంగ్లీషు అక్షరాలు చూసి "లామ్" అని సాగదీసే బాధ మనకి లేదు. అది "లం", హ్రస్వం. నాలుక కొన పైపళ్ళ మొదట తగిలి "ల", వెంటనే పెదాలు మూసి సున్నాని ముక్కులో మోగించాలి. ఒక్కో ఉచ్చారణ ఒక్కో నిశ్వాసం మీద, 6–7 సెకన్లు. 27 సార్లకి 5 నిమిషాలు పడుతుంది. 108 చెయ్యాలంటే 20 నిమిషాలు. కొత్తవాళ్ళు అది పూర్తిచెయ్యాలని ఊపిరి తోసుకుంటూ పోతారు, తల దిమ్మెక్కుతుంది.

జపం మూడు రకాలు: పైకి వినిపించే వాచికం, పెదాలు మాత్రమే కదిలే ఉపాంశు, మానసికం. మూడోది ఉత్తమమని శాస్త్రం అంటుంది గానీ, ఆలోచనల సుడిలో ఉన్నవాడికి అది మరో ఆలోచన అయి ఊరుకుంటుంది. ముందు పైకి అనండి. రూమ్మేట్ నిద్రపోతుంటే ఉపాంశు. గణపతిని మూలాధారంలో నిత్యం ఉండేవాడని గణపత్యథర్వశీర్షం చెబుతుంది, కనుక ఇంట్లో గణపతి ఉపాసన ఉంటే ఆ మంత్రాన్ని వదిలి దీనికి మారాల్సిన పని లేదు. పెదాలు మూసి మోగించడం, పొడవుగా వదలడం దాంట్లోనూ సాధ్యమే.

సింగింగ్ బౌల్, ఎర్ర రాళ్ళు, ఎర్ర కొవ్వొత్తి: హాయిగా ఉంటే వాడుకోండి. వాటివల్ల పోయేది డబ్బే.

ఎవరికి ఏది

రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళకి ఆసనాలు. పడుకోగానే బుర్రలో ఆలోచనలు తిరగడం మొదలయ్యేవాళ్ళకి ఆసనాలతో పాటు రాత్రి 27 సార్లు లం. ఒంటరితనం, ఫ్లాటులో గాలాడనట్టు అనిపించేవాళ్ళకి ఆదివారం బండ మీద నడక. మూడు నెలలు ఇవి కుదిరాక, ఇంకా ఆసక్తి ఉంటే మూలబంధం.

వీటికంటే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. టిఫిను మానేసి మూడు ఫిల్టర్ కాఫీలు తాగితే గుండె దడదడలాడుతుంది. ఆ దడకి చక్రంతో పని లేదు, ఇంత రాగిసంకటి చాలు. థైరాయిడ్ తేడా, రక్తహీనత కూడా ఇలాగే కనిపిస్తాయి, ఒకసారి రక్తపరీక్ష చేయించండి. రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, ఊపిరాడనట్టు భయం ముంచుకొస్తున్నా, బతకాలనిపించకపోయినా ఆసనాల దగ్గర ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉండనే ఉంది. గతంలో మనసుకి పెద్ద దెబ్బ తగిలినవాళ్ళకి కళ్ళు మూసి లోపలికి చూడటం వల్ల ఒక్కోసారి కలత పెరుగుతుంది. వాళ్ళు ఏ సాధనైనా కళ్ళు తెరిచే చెయ్యాలి.

ఆఫీసులో ఉన్నట్టుండి దడ మొదలైతే చాప పరిచే వీలుండదు. డెస్కు కింద బూట్లు విప్పి, మడమల్ని నేలకేసి 6 లెక్కలు వదిలే ఊపిరితో నొక్కి, 4 లెక్కలు పీలుస్తూ వదిలెయ్యండి. పదిసార్లు. మీటింగులో కెమెరా ఆన్‌లో ఉన్నా ఎవరికీ కనిపించదు.